నాకు ‘ర’ వచ్చిన ఏడాది

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక పెద్ద రాతిబండ తన దారి వదిలేసి జనం మీదికి బయలుదేరుతుంది. ఒక చెరకు రసం బండి ప్రాణభయంతో పరుగెత్తుతుంది. ఎప్పుడూ పెద్దగా నోరు విప్పని మా నాయన వేలమంది వినేలా మైకులో నన్ను తిడతాడు. వీటన్నిటికీ కారణం నా నాలుక కొస, అంటే ఒక కందిబేడంత మేర. అంత చిన్న చోటు అంత పెద్ద పని చేయలేదనుకునేవాళ్లు ఇక్కడే ఆగి వేరే పని చూసుకోవచ్చు. నమ్మేవాళ్లు కాస్త దగ్గరికి జరగండి.

నాకు పుట్టుకతో ‘ర’ రాదు. అందరి నోట్లో నాలుక కొస పైపళ్ల వెనక తగిలి టకటకా అదిరితే ‘ర’ అవుతుంది. నా నాలుక కూడా అక్కడిదాకా వెళ్లేది. వెళ్లి, అరుగు మీద కూర్చున్న ముసలాయనలా ఆనుకుని, ‘ల’ అని ఊరుకునేది. రోడ్డు లోడ్డు, ఆదివారం ఆదివాలం, మిరపకాయ మిలపకాయ. ఈ సంగతి ముందుగా తెలిసే అవకాశం లేదు కాబట్టి మా నాయన నాకు రత్నరాజు అని పేరు పెట్టేశాడు. బడిలో చేర్చిన రోజు అయ్యవారు "నీ పేరేందిరా?" అని అడిగితే "లత్నలాజు" అన్నాను. ఆయన నన్నూ మా నాయననూ మార్చి మార్చి చూసి, "ఇది ఏ దేశం పేరప్పా?" అన్నాడు.

ఒక ‘ర’ చాలదన్నట్టు పాతకాలం పెద్దలు బండి ‘ఱ’ అని ఇంకొకటి కూడా తయారుచేసి పెట్టారు. దాన్ని మరింత గట్టిగా అదిరించేవారట. ఇప్పుడెవరూ దాని జోలికి పోవడం లేదని తెలిసిన రోజు మా ఇంట్లో నేనొక్కడినే పండగ చేసుకున్నాను.

అయితే దేవుడు నా మీద మరీ పగబట్టలేదు. మా పల్లె ఆళ్లగడ్డ పక్కన. ఆళ్లగడ్డలో ‘ర’ లేదు. డిగ్రీ చదివింది నంద్యాలలో. అందులోనూ లేదు. మా పెద్దమ్మను కొలిమిగుండ్లకు ఇచ్చారు. అక్కడా లేదు. ఈ ఊళ్ల మధ్య బస్సులో తిరిగినంతకాలం నేనూ మీలాంటి మనిషినే. కర్నూలు పోవాల్సి వస్తేనే చిక్కు. కండక్టరు వచ్చి నిలబడితే నోరు తెరవకుండా దుడ్లు చేతిలో పెట్టి, బస్సు ముందున్న బోర్డు వైపు వేలు చూపించేవాడిని. పాపం మూగబిడ్డ అనుకుని ఒకసారి ఎవరో సీటు కూడా ఇచ్చారు. దిగేదాకా మూగగానే కూర్చున్నాను, మధ్యలో బాగుపడితే ఆయన నొచ్చుకుంటాడని. శ్రీశైలం డ్యాము చూడ్డానికి క్లాసంతా పోయినప్పుడైతే నాకు కడుపునొప్పి వచ్చింది.

అన్నిటికంటే కష్టం మా చర్చిలో. అక్కడ పిల్లలు వంతులవారీగా నిలబడి వాక్యం చదవాలి. నా వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒక రాజ్యం, అందులో ఒక రాజు, ఆయన కింద ఒక రథం తగిలేవి. నేను "లాజు లథమెక్కి" అని మొదలుపెట్టగానే ఆడవాళ్లు కూర్చున్న చాపల వైపు చీర కొంగులన్నీ నోళ్లలోకి పోయేవి. పాస్టరయ్య తల వంచుకుని ప్రార్థనలో ఉన్నట్టే కనిపించేవాడు కానీ ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతుండేవి.

ఇక మా నాయన గురించి చెప్పాలి. ఆయన పేరు ప్రకాశం. మాట తక్కువ, ఎద్దుల మీద ప్రేమ ఎక్కువ. మా వైపు తిరునాళ్లకు బండలాగుడు పోటీలు పెడతారు. పెద్ద రాతిబండకు గొలుసు తగిలించి, ఎద్దుల జతకు కాడి వేసి, ఇచ్చిన గడువులోపల బరిలో ఎంత దూరం లాగితే అంత గొప్ప. మా నాయన నా చిన్నప్పటి నుంచీ ఈ పోటీలకు ఎద్దుల్ని తోలుకుపోతూనే ఉన్నాడు. పోయిన ప్రతిసారీ ఆయనది రెండో స్థానం. మొదటిది గడివేముల ఓబులేసుది. మా ఇంట్లో గూటి నిండా రెండో బహుమతి షీల్డులే. మా అమ్మ వాటి మీద దుమ్ము దులుపుతూ, "ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి మొదటిది రానీ, వీటన్నిటినీ ఎత్తి అటక మీద పారేస్తా" అనేది. మా నాయన లేచి ఎద్దుల కొట్టంలోకి పోయేవాడు.

ఆ ఏడాది మా జత పేర్లు పాలోడు, బూడిదోడు. నాయన నా కోసమే ఆ పేర్లు పెట్టాడని అమ్మ చెప్పింది. ఊళ్లో అందరి ఎద్దులూ రాముళ్లు, వీరభద్రులు. మావి మాత్రం నా నోరు తిరిగే పేర్లు. ఆయన ప్రేమ ఎప్పుడూ అలాగే, మాట లేకుండా ఉండేది. ఆ జత మీద ఆయన ఆశలన్నీ పెట్టుకున్నాడు. పాలపళ్ల నుంచి ఆయన చేతిలో పెరిగిన గిత్తలు. ఈసారి ఓబులేసు రెండో స్థానానికి అలవాటు పడాల్సిందేనని ఊళ్లో అందరూ అనుకున్నారు. ఇక మిగిలింది నేను వేలు పెట్టడమే.

నంద్యాల హాస్టల్లో నా గదిలో మస్తాన్ అనే స్నేహితుడు ఉండేవాడు. కరోనాకు ముందు మాట, అప్పుడే అందరి ఫోన్లలో వీడియోలు ఉచితంగా పారుతున్న కాలం. ఒకరోజు మస్తాన్ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"రేయ్, ఎవరో తెల్లాయన నాలుక ఎట్ల అదిరించాలో నేర్పిస్తాండాడు. చూడు!"

చూశాను. ఆ దొర నోరు తెరిచి నాలుక కొస పైపళ్ల వెనక పెట్టి ఊపిరి వదిలాడు. ర్ర్ర్ర్ర్ర్! కుట్టుమిషను తిరిగినట్టు తిరిగింది. బిగించకూడదట, వదిలేయాలట. గాలికి జెండా కొట్టుకున్నట్టు నాలుక దానంతటదే కొట్టుకోవాలట. ముందు గొంతులో నీళ్లు పోసుకుని గుడగుడలాడించాలట. తర్వాత ‘ట-డ-ట-డ’ అని వేగంగా అనాలట.

ఆ రాత్రికే మొదలుపెట్టాను. గదంతా తుంపర. మస్తాన్ దుప్పటి ముసుగులోంచి మొరపెట్టుకున్నాడు.

"నాకు ‘ర’ ఉంది కదప్పా, నా మీద ఏంటికి ఉమ్ముతాండావ్?"

"నువ్వే కదలా చూపించింది!"

"చూపించినా. తప్పయింది. ఫోన్ తీసేయ్, నీకు దండం పెడతా!"

చివరికి హాస్టలంతా కలిసి నాకు ఒక సలహా ఇచ్చింది. పరీక్షల ముందు చదువుకోవడానికి సెలవులిస్తారు కదా, ఆ సాధనేదో ఇంటికి పోయి చేసుకోమని. బస్టాండు దాకా ఆరుగురు వచ్చి బస్సెక్కించారు. నా మీద ప్రేమ అనుకునేరు, నేను తిరిగి రాకుండా చూడ్డానికి.

ఇంట్లో కూడా చోటు దొరకలేదు. నేను ‘ట-డ-ట-డ’ అంటుంటే అమ్మ పొయ్యి దగ్గర నుంచి "ఏందిరా అది, గొంతులో బోరు మోటారు ఏసుకున్యావా? పో అవతలికి!" అని తరిమింది. అవతల ఉన్నది ఎద్దుల కొట్టం. అక్కడ నన్ను చూసి నవ్వేవాళ్లెవరూ లేరు. పైగా సాయంత్రం పూట ఎద్దులకు ఉడకబెట్టిన ఉలవలు పెట్టే పని నాకు అప్పజెప్పారు. నాయన పొద్దున్నే ఎద్దుల్ని తోలుకుపోయి బండ లాగించి వచ్చేవాడు, అప్పుడు నేను నిద్రలో ఉండేవాడిని. సాయంత్రం ఆయన పొలానికి పోతే కొట్టం నాదే.

ఉలవల తట్ట చంకలో పెట్టుకుని పాలోడి ముందు, బూడిదోడి ముందు నిలబడేవాడిని. ఒక నియమం పెట్టుకున్నాను. నాలుక ఒక్కసారైనా అదిరేదాకా తట్ట కింద పెట్టకూడదు. మొదట్లో పాపం అవి చాలాసేపు చూసేవి. నేను "ట్ల్ల్ల్" అనేవాడిని. అవి తలలు వంచుకునేవి. ఒక సాయంత్రం, ఎలా జరిగిందో నాకే తెలియదు, నాలుక దానంతటదే లేచి గాలిలో కొట్టుకుంది.

"ర్ర్ర్ర్ర్ర్!"

నేను అదిరిపోయాను. ఎద్దులు తలెత్తాయి. సంతోషంలో తట్ట మొత్తం గాడిలో గుమ్మరించాను. ఆ రోజు నుంచి అదే పద్ధతి. నిలబడడం, ర్ర్ర్ర్ అనడం, ఉలవలు పోయడం.

వారం తిరిగేసరికి వాటి తీరు మారింది. నేను గొంతు సవరించుకోగానే రెంటి చెవులూ నా వైపు తిరిగేవి. ర్ర్ర్ అనగానే పలుపు తెంచుకుని ముందుకు రావాలని చూసేవి. నోటి వెంట నురగలు కక్కేవి, కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూసేవి. చదువుకున్నవాడిని కదా, నాకు వెంటనే అర్థమైంది. నా కళను గుర్తించిన తొలి శ్రోతలు ఇవే! నోరులేని జీవాలకున్న రసజ్ఞత హాస్టల్లో మనుషులకు లేకపోయిందే అని బాధపడ్డాను కూడా. అది చొంగ అని, ఎదురుచూస్తున్నది నా కోసం కాదు నా చంకలో ఉన్న తట్ట కోసమని తోచలేదు. మీకు ఇప్పటికే తోచి ఉంటుంది. మీరు ఆ రోజు మా కొట్టంలో ఉంటే ఎంత బాగుండేది!

కొత్తగా వచ్చిన ‘ర’ను నేను ఊరికే ఉంచలేదు. కొత్త సైకిలు కొన్నవాడు పక్కింటికి కూడా సైకిలు మీదే పోయినట్టు, అవసరం ఉన్నా లేకపోయినా దాన్ని తిప్పాను. అమ్మతో "ర్ర్ర్రసం పొయ్యి" అన్నాను. దారిన పోయేవాళ్లను ఆపి "ఏం మామా, ఊర్ర్ర్లో వాన పడేట్టుందా?" అని అడిగాను. ఎండాకాలం అది. చర్చిలో వాక్యం నేనే చదువుతానని పట్టుబట్టి, రాజును, రథాన్ని, రాజ్యాన్ని ముక్కముక్కకూ అదిరించి వదిలాను. కిటికీ అద్దాలు కూడా అదిరాయని తర్వాత అన్నారు. పాస్టరయ్య బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యేసి, "దేవునికి స్తోత్రం నాయనా. కొంచెం తక్కువ చేసినా ఆయనకు వినపడతాది" అన్నాడు.

ఇంతలో తిరునాళ్ల వచ్చింది. పోటీల రోజు ఉదయమే మైకులో మాట్లాడే ఆయనకు గొంతు పోయింది. ముందు రోజు చిన్న గిత్తల పోటీ అంతా అరిచి అరిచి, లేచేసరికి గాలి తప్ప ఏమీ రాలేదట. కమిటీ పెద్దలు తలలు పట్టుకుని కూర్చున్నారు. బండలాగుడుకు మైకు లేకపోతే ఎలా? ఏ జత ఎక్కడుందో, ఎంత దూరం లాగిందో చెప్పేవాడు ఉండాలి, జనాన్ని ఊపేవాడు ఉండాలి. నేను జనంలోంచి దూసుకుపోయాను.

"నేను చెప్తానన్నా!"

కమిటీ పెద్ద నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు ప్రకాశం కొడుకువి కదా? నీకు ‘ర’ రాదు కదప్పా?"

నేను ఒక చిరునవ్వు నవ్వి, ఊపిరి బిగబట్టి, "ర్ర్ర్ర్ర్ర్‌త్నర్ర్ర్ర్రాజు!" అన్నాను.

అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. "మైకు కూడా అక్కర్లేదు వీనికి. ఎక్కించండి!" అన్నాడు పెద్ద.

బరి పక్కన, సరిగ్గా నడిమధ్యలో, ఒక ట్రాక్టరు ట్రాలీ నిలబెట్టి దాని మీద షామియానా వేశారు. అదే వేదిక. ట్రాలీ ముందు చెరకు రసం బండి, పక్కన ఆడవాళ్లు కూర్చోడానికి చాపలు. నేను ట్రాలీ ఎక్కి మైకు అందుకున్న క్షణం నుంచి ఎవరికీ చెవుల్లో ఖాళీ లేదు. "ర్ర్రండి ర్ర్రండి ర్ర్రైతు సోదర్ర్రులార్ర్రా!" అని మొదలుపెట్టాను. జనం ఈలలేశారు. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఫోన్లు తీసి వీడియోలు పట్టారు. నా జీవితంలో మొదటిసారి నా మాట విని జనం నవ్వలేదు, ఊగారు. ఆ నిమిషంలో నాకు ప్రపంచంలో ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ట్రాలీ వెనక వేపచెట్టు కింద కట్టేసిన మా ఎద్దులు నేను మైకులో మాట్లాడినప్పుడల్లా ఎగిరెగిరి పడుతున్నాయి. మా నాయన ఓబులేసుతో అంటున్న మాటలు ట్రాలీ దాకా వినపడ్డాయి.

"చూడప్పా ఓబులేసూ, ఎట్ల ఉరకలేస్తాండాయో! ఎప్పుడూ ఇట్ల లేవు."

"ఏం పెట్టినావు ప్రకాశం?"

"ఉలవలే."

"మేమూ ఉలవలే పెడతాం కదప్పా" అన్నాడు ఓబులేసు, ముఖం చిన్నబుచ్చుకుని.

మా నాయన మీసం మీద చెయ్యి వేసుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఓబులేసు జత ముందు లాగింది. బాగా లాగింది. వాళ్ల బండ ఆగినచోట సున్నంతో గీత గీసి, ఎర్రజెండా పాతారు. చివరిగా మా జత బరిలోకి దిగింది. విజిల్ పడింది. నాయన "హేయ్!" అన్నాడు. పాలోడు, బూడిదోడు మోకాళ్లు వంచి, మెడలు దించి లాగితే ఆ బండ చాప జారినట్టు జారింది. జనం లేచి నిలబడ్డారు. నాకు నోట మాట రాలేదు. నిజంగానే, సంతోషంతో మైకు కిందికి దించి కాసేపు ఊరికే చూస్తూ ఉండిపోయాను. ఆ కాసేపూ మా ఎద్దులు ఎంత బాగా లాగాయో చెప్పలేను. ఇంకొంచెం సేపు అలాగే మూగగా ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

బరి చివరిదాకా పోయి తిరిగి వచ్చాయి. మళ్లీ పోయాయి. ఓబులేసు జత ఆగిపోయింది కూడా ఈ మూడో దఫాలోనే. గడువు చాలా ఉంది. జెండా ఇంకో నాలుగు బారల దూరం. జత సరిగ్గా ట్రాలీ ముందుకు వచ్చింది. నాయన ముఖంలో చెమట, వెలుగు కనిపించాయి. అమ్మ చాప మీద మోకాళ్ల మీద లేచి రెండు చేతులూ జోడించింది. ఇంతటి ఘడియలో కొడుకన్నవాడు ఊరుకుంటాడా? నేను లేచి నిలబడి, ఊరంతా ఉన్న ఊపిరి నేనే పీల్చుకుని, మైకు నోట్లో పెట్టుకున్నంత దగ్గరగా పెట్టుకుని అరిచాను.

"మా నాయన ప్ర్ర్ర్ర్ర్ర్ర్ర్ర్రకాశం!"

ఎద్దులు ఆగాయి. రెండు తలలూ ఒకేసారి ట్రాలీ వైపు తిరిగాయి. నాలుగు చెవులు నిక్కబొడుచుకున్నాయి. తర్వాత రెండు నోళ్ల నుంచీ చొంగ జారింది.

"హేయ్! ఇట్ల కాదు, ముందుకు!" అన్నాడు నాయన.

అవి ముందుకే వచ్చాయి, నా వైపు. బండతో సహా. బరికీ జనానికీ మధ్య కట్టిన తాడు దారప్పోగులా తెగింది. అంతసేపు లాగిన దానికంటే వేగంగా లాగుతున్నాయి ఇప్పుడు. బండ కింద నేల దున్నినట్టు లేస్తోంది. చెరకు రసం ఆయన గాజుగ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన్ని కాపాడాలి కదా!

"అన్నా! చెర్ర్ర్రకు ర్ర్ర్రసం అన్నా! దూర్ర్ర్రం జర్ర్ర్రుగు!"

ఎద్దులు ఇంకా వేగం పెంచాయి. ఆయన బండిని తోసుకుని పరుగెత్తాడు. చెరకు గడలు దారిపొడవునా రాలాయి, వాటిని కూడా ఎద్దులు ముట్టలేదు. వాటికి కావలసింది ఉలవలు. "పార్ర్ర్రిపోండి! పిల్లల్ని దూర్ర్ర్రంగా తీసుకుపోండి! ర్ర్ర్రావద్దు పాలోడా ర్ర్ర్రావద్దు!" అని నేను అరుస్తుంటే అవి ఇంకా ఆత్రంగా పరుగెత్తుకొస్తున్నాయి. ‘తప్పుకోండి’ అని ఒక చక్కని మాట ఉంది. అందులో ‘ర’ లేదు. ఇప్పుడు తెలుసు. ఆ ఘడియలో మాత్రం ‘ర’ లేని మాట తెలుగులో ఒక్కటీ నాకు తట్టలేదు.

నాయన పగ్గం పట్టుకుని వెనక్కి వాలిపోయి, అవి ఈడ్చుకొస్తుంటే ట్రాలీ దాకా వచ్చేశాడు. సరిగ్గా నా చేతిలోని మైకు ముందుకు వచ్చి, జీవితంలో మొదటిసారి గొంతెత్తాడు.

"ఆపురా నీ పాసుగాల! ఏం కూతరా అది!"

ఆ తిట్టు నాలుగు దిక్కులా కట్టిన స్పీకర్లలోంచి ఊరు దాటి పోయింది. నేనేం కూస్తున్నానో నాకు అప్పటికీ అర్థం కాలేదు. అర్థమైంది మా అమ్మకు. చాప మీద నుంచి లేచి, కొంగు నడుముకు చుట్టి అరిచింది.

"రేయ్, అది ఉలవల కూతరా! దినామూ కొట్టంలో నువ్వు కూసే కూత! ముందర మాట్లాడినట్ల మాట్లాడ్రా, సచ్చినోడా!"

ముందర మాట్లాడినట్టు! వేలమంది జనం. పైకెత్తిన ఫోన్లు. కొద్దిసేపటి క్రితం నా కోసం ఈలలేసిన కుర్రాళ్లు. వాళ్లందరి ముందూ, నాలుగు స్పీకర్లలో, మళ్లీ లత్నలాజును కావాలి. నాకు ఏడుపొచ్చింది. నాయన వైపు చూశాను. ఆయన అరచేతుల్లో పగ్గం ఒరుసుకుని రక్తం వస్తోంది. ఆయన కళ్లు మాత్రం నా వైపు లేవు. దూరంగా ఉన్న ఎర్రజెండా మీదే ఉన్నాయి.

నేను మైకు రెండు చేతులా పట్టుకున్నాను. నాలుకను పైపళ్ల వెనక ఆనించాను, కదలొద్దని చెప్పాను.

"పాలోడా, లావద్దు! బూడిదోడా, తిలుగు! నాయనా, వాటిని బలిలోకి తోలు! జనాలందలూ దూలం జలగండి!"

ఆ తర్వాత లేచిన నవ్వు ఎలాంటిదంటే, చెరకు రసం ఆయన కూడా పరుగెత్తడం ఆపి బండిని పట్టుకుని నవ్వాడు. పాస్టరయ్య ఈసారి ప్రార్థనలో ఉన్నట్టు నటించలేదు, నేల మీద కూర్చుండిపోయాడు. అయితే ఎద్దులు ఆగాయి. కూత ఆగిపోయింది కాబట్టి ఉలవలు లేవని వాటికి తెలిసిపోయింది. పాలోడు ఒకసారి మెడ చాచి, మైకును అటూ ఇటూ శుభ్రంగా నాకి, ఏమీ లేదని నిర్ధారించుకుని వెనక్కి తిరిగాడు. ఆ నాకుడు చప్పుడు స్పీకర్లలో విన్నవాళ్లు ఇప్పటికీ దాన్ని మర్చిపోలేదంటారు.

నాయన "హేయ్!" అన్నాడు. జత మళ్లీ బరిలోకి పోయింది. నేను "లాగండి! లాగండి! ఇంకొంచెం!" అని అరుస్తూనే ఉన్నాను. అందులో ‘ర’ లేదు, దేవుడు మేలు చేశాడు. అప్పటిదాకా నవ్విన జనమే "లాగండి, లాగండి" అని అందుకున్నారు. బండ జెండా దగ్గరికి పోయింది. ఇంకా దగ్గరికి పోయింది. సున్నపు గీతకు ఒక మూర ఉందనగా విజిల్ పడింది.

రెండో స్థానం.

బరి దాటి ట్రాలీ దాకా లాగిన దూరం కూడా కలిపితే చుట్టుపక్కల ఎవరూ ఎప్పుడూ లాగనంత దూరం అవుతుందని కమిటీవాళ్లే ఒప్పుకున్నారు. కానీ జనం మీదికి లాగిన దూరాన్ని కలిపే పద్ధతి లేదట. ఓబులేసు మొదటి షీల్డు చేతిలో పట్టుకుని మా ఎద్దుల దగ్గరికి వచ్చాడు. చాలాసేపు వాటి మెడలు నిమిరాడు.

"ప్రకాశం, నిజం చెప్పప్పా. మధ్యలో అంత వేగం యాడిది? ఏం మందు పెట్టినావు?"

నాయన నా వైపు చూశాడు. "మందు కాదప్పా. కొడుకు" అన్నాడు.

ఓబులేసు పోయాక నేను నాయన దగ్గరికి పోయి తల వంచుకుని మొత్తం చెప్పేశాను. తెల్లాయన వీడియో, తట్ట, నియమం, సాయంత్రాలు, అన్నీ. ఆయన కాడి విప్పేసి నిలబడి విన్నాడు. అరచేతులకు అమ్మ పసుపు అద్దుతూ ఉంది. నేను ఏడుస్తున్నాను, సిగ్గుతో కాదు, ఆ మూర దూరం తలచుకుని. నాయన ఎద్దు వీపు మీద చెయ్యి వేసి, నిదానంగా అన్నాడు.

"నువ్వు మాటలు నేర్చినకాడి నుంచి దినామూ మోకాళ్లేసి అడుగుతాండానురా. ప్రభువా, నా కొడుకు నోట్లో ‘ర’ పెట్టు అని. ఇన్నేండ్లూ ఆయన ఇయ్యలా. ఏంటికి ఇయ్యలేదో ఈ పొద్దు తెలిసింది. ఆయనకు అన్నీ ముందే తెలుస్తాయి. నేనే ఊరుకోకుండా సతాయించినా."

అమ్మ పసుపు గిన్నె కింద పెట్టి పడి పడి నవ్వింది. నాయన కూడా నవ్వాడు. నేను ఏడుస్తూనే నవ్వాను.

కాబట్టి, ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికి, ముఖ్యంగా ఎద్దులున్న రైతులకు తెలియజేయునది ఏమనగా: రెండు కొమ్ములూ, నాలుగు కాళ్లూ, ఆకలీ ఉన్న ఏ ప్రాణి చెవిన పడేంత దూరంలోనూ నేను నా నాలుకను అదిరించను. మైకు ముందు అసలే అదిరించను. గెలిచే సమయంలో సంతోషం పట్టలేకపోతే నోట్లో గుడ్డ కుక్కుకుంటాను. దీనికి ఒకే ఒక్క మినహాయింపు. మా నాయన తనంతట తాను వచ్చి, ‘ఒకసారి అనురా’ అని అడిగితే అంటాను. ఇంతవరకు ఆయన అడగలేదు. నేను కొట్టం వైపు పోతే మాత్రం, వెనకాలే వచ్చి నా నోటికి కాపలా ఉన్నట్టు దాని వైపే చూస్తూ నిలబడతాడు.